తాళం వేసిన ఇంట్లో పిడికెడు బియ్యం

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. దేవుణ్ని నమ్ముతావా అని అడిగితే, ఆదివారం బాగానే నమ్ముతాను, బుధవారానికి కొంచెం పలచబడుతుంది. అలాంటివాడికి దయ్యాలను కూడా పోషించే స్తోమత ఎక్కడిది? మా చర్చి వెనకాల సమాధుల తోట పక్కనుంచే నలభై ఏళ్లుగా పొలానికి నడుస్తున్నాను. అక్కడ నాకు ఎదురైనవి కుక్కలు మాత్రమే. కాబట్టి ఇది చదివి, వీడికి ముందునుంచే ఆ పిచ్చి ఉందిలే అనుకోవద్దు. ఉంటే గింటే తర్వాత వచ్చిందే.

నా పేరు సంతోషం. మా బాపు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటాడు. చొప్పదండి దగ్గర చిన్న ఊరు మాది. రెండెకరాల వరి ఉంది. దానికి తోడు, కోతల కాలంలో వడ్ల కొనుగోలు కేంద్రంలో పని. రైతులు తెచ్చిన వడ్లలో తేమ ఎంతుందో మిషన్ పెట్టి చూసి చెప్పాలి. పదిహేడు శాతం దాటితే కాంటా పెట్టరు, మళ్లీ ఆరబోసుకోవాలి.

పోయిన యాసంగిలో, ఎండాకాలం కోతలప్పుడు, నా సొంత వడ్లకు మిషన్ పద్దెనిమిది చూపించింది.

"నీయే గదనే సంతోషమన్నా, ఒక్క పాయింటుకు ఎవడడుగుతడు, పెట్టు కాంటా" అన్నాడు తూకం వేసే ఆయన.

నాకు ధైర్యం చాలలేదు. నా వడ్లు వదిలేస్తే రేపు ఊరంతా నా తేమ చూస్తుంది. ఇంకో రోజు ఎండనీ అని మళ్లీ ఆరబోయించాను. దీన్ని నిజాయితీ అని చాలామంది మెచ్చుకున్నారు. నలుగురి నోటికి జడిశాను, అంతే.

మర్నాడు మధ్యాహ్నం గోనె సంచుల కోసం సుల్తానాబాద్ పోయాను. మూడు దాటాక మబ్బు కమ్మింది. నా భార్య శాంతకు ఫోన్ చేసి, వడ్ల మీద టార్పాలిన్ పరదా కప్పమన్నాను.

"బాగ ఉరుముతుంది. జర తగ్గినంక పోతం" అంది.

"తగ్గినంక పోతే ఆడ వడ్లుండయ్, నారుంటది. గప్పుడు నాటేద్దాం తియ్" అన్నాను.

పక్కనుంచి మా బిడ్డ గ్రేసు నవ్వు వినబడింది. "బాపు మళ్ల షురూ జేసిండు" అంది. డిగ్రీ రెండో సంవత్సరం చదివేది. నా జోకులకు నవ్వే మనిషి ఈ భూమ్మీద అదొక్కతే. శాంత నవ్విందో లేదో తెలియదు. ఫోన్ పెట్టేసింది.

పరదా ఒక కొస తల్లి, ఒక కొస బిడ్డ పట్టుకుని పరుస్తుండగా పిడుగు పడిందని చూసినవాళ్లు చెప్పారు. నేను వచ్చేసరికి వాన వెలిసింది. ఎవరో ఆ పరదా పూర్తిగా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. వడ్లు తడవలేదు. వాళ్లిద్దరి మీద కప్పడానికి ఇంకో పరదా తెచ్చారు.

ఇంటికొచ్చిన బంధువులందరూ గుమ్మంలోనే "సంతోషం ఏడున్నడు? సంతోషం ఏడున్నడు?" అని వెతికారు. వాళ్లు అడిగింది నన్నేనని తెలుసు. అయినా ఏం చెప్పాలో తోచలేదు.

సమాధి దగ్గర మా పాస్టరు గారు చెప్పాల్సినవి చెప్పాడు. నిద్రపోయారు, లేస్తారు, మళ్లీ కలుసుకుంటాం అని. ఆయన వయసులో నాకంటే చాలా చిన్నవాడు, మెత్తని మనిషి. ఆ మాటలే ఎన్నో చావుల్లో నేను ఇతరులకు చెప్పినవాణ్ని. చెప్పడం సులువు, వినడమే చాతకాలేదు. అందరూ ఆమెన్ అన్నప్పుడు నా నోరు తెరుచుకోలేదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. వాళ్లు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే, నన్ను ఏమనుకుంటున్నారు? దానికి జవాబు లేకుండా, మళ్లీ కలుస్తామనే ఆశకు చర్చిలో వాడే నిరీక్షణ అనే మాట నాకు గొంతు దిగలేదు.

ఇక అసలు సంగతి. మా సంఘాల్లో ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అనే అలవాటు ఉంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుని వంతు. ఆదివారం చర్చికి తెస్తే అన్నీ ఒకచోట పోసి, ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లకు పంచుతారు. శాంత డబ్బా స్టీలుది, మూత గట్టిగా పట్టేది. వంటింట్లో బియ్యం సంచి పక్కనే దాని చోటు. పోయేముందటి ఆదివారమే దాన్ని చర్చిలో ఖాళీ చేసుకొచ్చింది. తర్వాత ఆమె వండింది ఆదివారం రాత్రి, సోమవారం రెండు పూటలు, మంగళవారం పొద్దున. అంటే మహా ఉంటే నాలుగు పిడికిళ్లు.

ఆ తర్వాత మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటి లక్ష్మి వదినె రెండు పూటలా గిన్నెలో అన్నం, కూర తెచ్చి అరుగు మీద పెట్టేది. వాళ్లు నేతపని చేసేవాళ్లు, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద వచ్చే కూలి ఆ ఇంటికే చాలదు. వద్దన్నా వినలేదు. "తినకుంటే నీకే నష్టం, నాకేంది, మా గొడ్డుకేస్త" అనేది. గొడ్డుకు వేయకుండా నేను తినేదాకా గడపలో కూర్చునేది.

వాళ్లు పోయిన నలభై దినాలకు చేసే ప్రార్థన దగ్గరపడ్డప్పుడు రూతమ్మ చిన్నమ్మ వచ్చింది. చర్చిలో పిడికెడు బియ్యం పోగుచేసేది ఆమే. గిన్నెలు చూద్దామని వంటింట్లోకి పోయి, శాంత డబ్బా మూత తీసింది.

"మంచిగ జేసినవ్ బిడ్డా. శాంత పని ఇడువకుంట నడిపిస్తున్నవ్" అంది.

లేచి వెళ్లి చూశాను. డబ్బా అంచుకు నాలుగు వేళ్ల కిందిదాకా బియ్యం ఉంది.

నేను వేయలేదన్నాను. "దుఃఖంల యాదుండదు బిడ్డా" అంది చిన్నమ్మ. డబ్బా చర్చికి తీసుకుపోతానని ఆమె అంటే నేను ఇవ్వలేదు.

మొదట లక్ష్మి వదినె మీద అనుమానం వచ్చింది. అడిగితే కోప్పడింది. "వండింది తెచ్చి పెట్టంగ, మళ్ల వండనియి గూడ నేనే తెస్తనా? మా ఇంట్ల బియ్యం జూసినవా ఎన్నడన్నా?" అంది. నిజమే. తర్వాత ఎలుకలు. ఎలుకలు బియ్యం తింటాయి గానీ తెచ్చి పోయవు. పోసినా మూత పెట్టి పోవు. తర్వాత నా మీద నాకే అనుమానం. నిద్రమత్తులో నేనే సంచిలోంచి తీసి వేస్తున్నానేమో. అందుకని బియ్యం సంచి మూతిని సుతిలి తాడుతో కుట్టేశాను. సంచులు కుట్టడం నాకు కేంద్రంలో అలవాటే. నా కుట్టు నేను గుర్తుపడతాను.

డబ్బా లోపల బియ్యం ఎక్కడిదాకా ఉందో అక్కడ మేకుతో గీత గీశాను. చెన్నూరులో మా అక్క ఉంటుంది, ఎప్పటినుంచో రమ్మంటోంది. ఇంటికి తాళం వేసి పోయాను. రెండో తాళంచెవి శాంత కొంగుకు ఉండేది. ఆసుపత్రివాళ్లు గాజులతో కలిపి ఇచ్చిన పొట్లంలో అది అట్లాగే ఉంది. ఆ పొట్లం నా వెంట తీసుకుపోయాను.

తొమ్మిది రోజులు చెన్నూరులో ఉన్నాను. అక్క మాట్లాడుతుంటే వినేవాణ్ని, మిగతా వేళల్లో గోదావరి ఒడ్డున కూర్చునేవాణ్ని. నీళ్లు లేక ఇసుక తేలింది. గోదావరీ నేనూ ఒకేలా ఉన్నామనిపించింది.

తిరిగొచ్చి తాళం తీశాను. కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. సంచి కుట్టు చెక్కుచెదరలేదు. డబ్బా మూత తీశాను. గీత కనబడలేదు, బియ్యంలో మునిగిపోయింది.

గీత పైన ఉన్నదంతా నా పిడికిలితో తీసి చాటలో పోశాను. పన్నెండు పిడికిళ్లు. తొమ్మిది రోజులు, పూటకొకటి చొప్పున పద్దెనిమిది రావాలి కదా అనుకున్నాను. అప్పుడు శాంత చెయ్యి గుర్తొచ్చింది. నాది మొరటు చెయ్యి, ఆమెది చిన్నది. ఆమె మూడు పిడికిళ్లు నావి రెండు అవుతాయి. ఆ లెక్క నేను కావాలని కుదుర్చుకున్నానేమో కూడా చెప్పలేను. చాట అట్లాగే పక్కన ఉంచి, డబ్బాకు మూత పెట్టాను.

మర్నాడు కేంద్రంనుంచి తేమ మిషన్ అడిగి తెచ్చి ఆ బియ్యానికి పెట్టాను. పదమూడు శాతం. మామూలు బియ్యం. అద్భుతానికి కూడా తేమ చూసిన మనిషిని నేనొక్కణ్నే అయ్యుంటాను.

పాస్టరు గారిని పిలిచి చూపించాను. ఆయన చాట, డబ్బా, కుట్టు అన్నీ చూసి నేల మీద కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఇదేంది?"

"నాకు తెల్వదన్నా."

"దేవుని పనేనా?"

"తెలుసంటే అబద్ధమైతది. కాదన్నా అబద్ధమైతది." లేస్తూ, "సభలల్ల సాక్ష్యం చెప్పమని ఎవరన్నా మైకు ఇస్తే మాత్రం తీసుకోకన్నా. నీకే తెల్వంది వాళ్లు నీకు చెప్తరు" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

తర్వాత కొన్నాళ్లు డబ్బా చూడటమే నా పని. నేను ఎదురుగా కూర్చుంటే బియ్యం పెరగలేదు. పొలానికో, దుకాణానికో పోయి వస్తే పెరిగేది. భయం వేయలేదు. ఒకటి ఒప్పుకోవాలి, ఆ రోజుల్లో పొద్దున్నే లేవాలనిపించేది. వంటింట్లో ఎవరో ఉన్నారు. ఎసరు లేదు, పొయ్యి లేదు, అయినా దేవుని వంతు తీస్తున్నారు. తీస్తున్నారంటే ఉన్నారు. ఉన్నారంటే నామీద మరీ అంత కోపం లేదేమో. నా నిరీక్షణ అంతవరకే. మునివేళ్లకు అంటినంత.

వానాకాలంలో లక్ష్మి వదినెకు జ్వరం పట్టుకుంది. ఆమె పిల్లలే పస్తులున్నారని తెలిసి నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లు తిన్నవాణ్ని, ఒక పూట పెట్టలేనా? సంచి కుట్టు విప్పి, మొదటిసారి పొయ్యి వెలిగించాను. ఎసరు కాగింది. గిన్నెలో బియ్యం తీసుకుని, పోసేముందు ఒక పిడికెడు డబ్బాలో వేశాను. ఆలోచించి వేయలేదు. ముప్పై ఏళ్లు చూసిన పని, చెయ్యి చేసేసింది. అన్నం మాడింది. పిల్లలు గిన్నె ఖాళీ చేశారు. వదినె మాత్రం మంచంలోంచే, "గిది అన్నమా, బొగ్గా? శాంత జూస్తే నిన్ను ఇంట్లకు రానియ్యకపోవు" అంది.

మర్నాడు డబ్బా తీసి చూశాను. నిన్నటి బియ్యం మీద నా పిడికెడు తప్ప ఒక్క గింజ ఎక్కువ లేదు.

ఆ మర్నాడూ లేదు. వదినెకు తగ్గాక వండటం మానేశాను, ఇల్లు పాతవిధంగా ఉంటే మళ్లీ మొదలవుతుందేమోనని. సంచి మళ్లీ కుట్టి, డబ్బాలో కొత్త గీత గీశాను. తాళం వేసి వారం రోజులు అక్క దగ్గరికి పోయొచ్చాను. గీత గీతలాగే ఉంది. ఏడ్చాను. సమాధి దగ్గర ఏడవనిదంతా వంటింట్లో ఏడ్చాను. ఆమె పని నేను అందుకున్నానా, ఆమె చేతిలోంచి లాక్కున్నానా? ఒక్క పిడికెడు వేయకుండా ఉంటే ఇంకా వస్తుండేదా? మొదటిది వడ్ల దగ్గర, రెండోది బియ్యం దగ్గర. నా తప్పులన్నీ గింజల దగ్గరే జరిగాయి.

ఆ బియ్యం ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాను. రూతమ్మ చిన్నమ్మ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ మాట దాటేశాను. శ్రావణం దాటాక ముక్కపురుగు పట్టింది. చాటలో పోసి ఎండలో పెడితే పురుగులు పాకుతూ పోయాయి. చిన్నమ్మ అప్పుడే వచ్చి చూసింది.

"పురుగుల పాలు జేస్తవా, మనుషుల పాలు జేస్తవా?" అంది.

"ఇచ్చినంక నాకేం మిగుల్తది చిన్నమ్మా?"

ఆమె నా పక్కన కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని చెరగడం మొదలుపెట్టింది. ఆమెకూ పెనిమిటి లేడు, చేతికొచ్చిన కొడుకు బొగ్గుబాయిలో పనికి దిగి పోయాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆదివారం డబ్బా నేనే మోసుకుపోయాను. ఆడవాళ్ల వరుసలో ఒక్కణ్నే మగవాణ్ని. చిన్నమ్మ గంపలో వంపితే క్షణంలో మిగతా ఇళ్ల బియ్యంలో కలిసిపోయింది. ఏది శాంతదో ఏది కాదో ఇక చెప్పడానికి లేదు. ఆ వారం అది ఎవరింట్లో ఉడికిందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి ఖాళీ డబ్బా కడిగి తుడిచాను. వండుకునేముందు ఒక పిడికెడు వేశాను. మర్నాడు చూశాను, అంతే ఉంది, నాదే. ఇప్పటికీ పూటపూటా వేస్తున్నాను. వేసిన ప్రతిసారీ మూత తీసి చూస్తాను, నేను వేసినదానికంటే ఎన్నడూ ఎక్కువ లేదు.

ఆ రెండు నెలలు మా ఇంట్లో, తాళం వేసిన తొమ్మిది రోజులు కూడా, బియ్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరైనా చెప్పగలిగితే వింటాను. శాంత, గ్రేసు లేస్తారని చర్చిలో అన్నప్పుడు ఇంకా గట్టిగా ఆమెన్ అనలేను. పెదవులు కదుపుతాను. పక్కన కూర్చున్నవాళ్లకు వినబడదు.