మనిషికి వాడని మాట

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, కూరెకుప్పలో మా చర్చి వెనక గదిలో పిల్లలకు తెలుగు పాఠం చెబుతున్నాను. బళ్ళో వాళ్ళు చదివేది కన్నడం, ఇంగ్లీషు. కనీసం పాటల పుస్తకమైనా చూసి చదవగలగాలని, రిటైరయ్యాక నేను తలకెత్తుకున్న పని ఇది. ఆ రోజు బోర్డు మీద 'నీతిమాలిన' అని రాసి, సొంత వాక్యంలో వాడమన్నాను. ముందు వరసలోని రెండు జడల పిల్ల లేచి, "టీచర్, మా అవ్వ దగల్బాజీ అంటాదే, అదీ ఇదీ ఒకటేనా?" అంది. ఒకటేనమ్మా అన్నాను. "అట్లయితే, మా దగల్బాజీ పిల్లి పాలన్నీ తాగేసింది" అని గడగడా ఒప్పజెప్పింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. బోర్డు తుడిచే నెపంతో అటు తిరిగి నిలబడ్డాను.

ఆ మాటను అంత ముద్దుగా వాడిన మనిషి నాకు ఇంకొకరు తెలుసు. మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన. దేశనూరు పక్కన మా పల్లెలో మా రెండిళ్ళకూ ఒకటే గోడ. పెళ్ళి చేసుకోలేదు, తిండి మా ఇంట్లోనే. కాలువ మీద లస్కరు పని. తూముల తాళంచెవులు ఆయన దగ్గరుండేవి. ఏ రోజు ఏ ఊరి వంతో చూసి నీళ్ళు వదలాలి, కట్టాలి. ఆయనకు లోకంలో సగం వస్తువులు దగల్బాజీవే. చెయ్యెత్తితే ఆగని, ఎత్తకపోతే ఆగే సిరుగుప్ప బస్సు దగల్బాజీ బస్సు. "దగల్బాజీ కాఫీ, ఒక మాట చెప్పేలోపలే సల్లారిపాయ" అనేవాడు. చామంతి మొక్కలు మేసేసిన మేకను పక్కన కూర్చోబెట్టుకొని, దాని గడ్డం నిమురుతూ అదే మాట అనేవాడు. చర్చి ఆవరణలో ఆ భాషేమిటని అయ్యగారు మందలిస్తే, "అది తిట్టు కాదయ్యగారూ, సుమ్నే, ఊరికే ముద్దుకంటా" అన్నాడు. అయితే మనుషుల్ని మాత్రం ఎన్నడూ అనలేదు. ఎందుకనవని నేనొకసారి అడిగాను. "మేకకయితే అర్థం కాదు పాపా. మనిషికి ఆ మాట తగిలితే మానదు" అన్నాడు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు కాలువకు నీళ్ళు తక్కువ వచ్చాయి. వరి పాలు పోసుకునే సమయం. ఆ వారం వంతు మా కింద ఊరివాళ్ళది. మా చేను నెర్రెలిచ్చింది. ఆ రోజు చిన్నాయన కాలువ ఆఫీసువాళ్ళు పిలిస్తే సిరుగుప్ప వెళ్ళాడు. నాకు జ్వరం. ఆయన గది మట్టిమిద్దె చల్లగా ఉంటుందని అక్కడ పడుకోబెట్టింది అమ్మ. మధ్యాహ్నం నాన్న లోపలికి వచ్చాడు. కాసేపు గోడవైపు చూస్తూ నిలబడి, మేకుకున్న తాళంచెవి తీసుకొని వెళ్ళిపోయాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు. తెల్లారేసరికి తాళంచెవి మళ్ళీ మేకుకే ఉంది, మా మడి నిండుగా ఉంది.

చిన్నాయన పొద్దుటి బస్సు దిగి ఇల్లు చేరాడో లేదో, కింద ఊరివాళ్ళు ఇరవై మంది చర్చి ముందుకొచ్చి ఆయన్ని పిలిపించారు. తాళం పగలలేదు, అంటే తాళంచెవి ఉన్నవాడే తీశాడు, లేదా తీయమని ఇచ్చాడు. వాళ్ళ వంతు మళ్ళీ రావడానికి పది రోజులు. ఆలోగా గింజంతా తాలైపోతుంది. వాళ్ళలో ఒక ముసలాయన వెన్నులు గుప్పిట్లో పట్టుకొని వచ్చాడు. ఆయన కేకలు వేయలేదు. "నిన్ను దేవుని మనిషి అనుకుంటిమి గదప్పా. ఇంత దగల్బాజీ మనిషివా నువ్వు?" అన్నాడు. చిన్నాయన నాన్నవైపు చూశాడు. నాన్న నేలవైపు చూస్తూ, "తమ్ముడైనా తప్పు తప్పే. పెద్దలెట్ల చెప్తే అట్ల" అన్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకొని అక్కడే ఉన్నాను. నాకు నోరుంది, మాటలున్నాయి. ఒక్కటీ రాలేదు.

పని పోయింది. ఆ వారంలోనే మేక ఆయన తువ్వాలు సగం నమిలేసింది. ఏమీ అనకుండా మిగిలిన సగం లాక్కొని భుజాన వేసుకున్నాడు. నెల తిరక్కుండా దోణిమలై గనుల్లో కూలికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు మా చేలో పండిన బియ్యం మా గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. కానీ దిగింది. అందరం తిన్నాం. నాన్న పోయేవరకూ ఆ సంగతి ఎత్తలేదు. నేను తోరణగల్లులో టీచరునయ్యాను. అక్కడి నుంచి దోణిమలై ఎంతో దూరం లేదు. అయినా వెళ్ళలేదు. పెళ్ళిళ్ళలో ఆయన కనిపిస్తే వంటల వైపు తప్పుకునేదాన్ని. ఆ ముఖం చూడడానికి నాకు సిగ్గు.

కిందటేడు, వానలకు ముందు, ఆయన మంచం పట్టాడని తెలిసి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి, లేచి కూర్చోబోయాడు. మంచం పట్టె మీద కూర్చొని, కూడగట్టుకొని చెప్పాను, "ఆ తూము తీసింది నాయన, చిన్నాయనా."

"తెలుసు పాపా. తాళంచెవికి తూము గ్రీజు అంటుకోనుండె. నేను తుడవకుండా పెట్టేవాణ్ణి కాదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మా అన్న చెప్తాడేమోనని చూస్తి. ఆ పొద్దు చూస్తి, మర్నాడు చూస్తి. ఇంగ అట్ల చూసేదే అలవాటయిపాయ." నా వైపు వంగి, "నీకెట్ల తెలుసు? మీ నాయన పోయేముందు చెప్పినాడా?" అని అడిగాడు. ఆ గొంతులో ఆశ ఉంది.

"లేదు. నేను చూసినా. మేకు నుంచి తీస్తాంటే, ఆ గదిలోనే పడుకోనుంటి."

ఆయన ముఖంలో ఏదో మారింది. "అప్పుడే తెలుసునా నీకు? నన్ను ఎప్పుడూ దొంగ అనుకోలేదా?"

"ఒక్కరోజు కూడా అనుకోలేదు."

నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పలకకుండా తప్పుకోని పోతాంటే, పాప కూడా నమ్మింది అనుకుంటి. ఊరంతా నమ్మినా తట్టుకుంటి. నీ దగ్గరే తట్టుకోలేకపోతి. ఒక మాట చెప్పింటే ఏమి పాపా?" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళాను. జావ తాగించాను, గోళ్ళు తీశాను. ఎవరు వచ్చినా, "మా అన్న కూతురు. దీనికి మొదటినుంచీ తెలుసు" అని పరిచయం చేసేవాడు. ఏం తెలుసో వాళ్ళకు అర్థమయ్యేది కాదు. నాకు తెలుసన్న ఆ సంగతి ఆయనకు చేరడానికి నలభై ఎనిమిదేళ్ళు పట్టింది. చేరాక ఆయనకు మిగిలింది ఏడు శనివారాలు.