చివరి వరుస చదవలేని పిల్లలు

కళ్లద్దాల షాపావిడ స్వచ్ఛంద విమాన దళంలో చేరింది తన కోసం కాదు, కూతురి కోసం. ఆ పిల్ల క్యాడెట్‌గా చేరి, యూనిఫారం కుట్టించుకుని, బూట్లకు పాలిష్ పెట్టడం నేర్చుకుని, సరిగ్గా మూడు నెలలకు "బోరు" అని మానేసింది. దిగబెట్టడానికి వెళ్లిన తల్లి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆదివారాలు షెడ్డులో కుర్చీలు వేయడం, హాజరు రాయడం, పిల్లల చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టడం ఎవరూ చెప్పకుండానే ఆమె పనులైపోయాయి.

"కూతురు పాసై బయటికొచ్చేసింది, తల్లే ఇంకా అదే క్లాసులో ఉంది," అని ఆమె భర్త కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

దళం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఊరి చివర రన్‌వే పక్కన రేకుల షెడ్డు, అందులో నాలుగు సీట్ల పాత విమానం, దాన్ని నడిపే ముగ్గురు పెద్దవాళ్లు, పదకొండు మంది పిల్లలు. ఎవరైనా అడవిలో తప్పిపోయినా, వరద వచ్చినా పైనుంచి వెతకడం పెద్దల పని. మ్యాపు చదవడం, రేడియోలో మాట్లాడటం, కవాతు చేయడం పిల్లల పాఠం. అందరికీ పైన కెప్టెన్ గారు. ఆయన వారంలో ఆరు రోజులు పళ్ల డాక్టరు, ఏడో రోజు కెప్టెన్.

ఒక ఆదివారం ఆయన పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చదివారు. ఏడాది చివరికి క్యాడెట్లు ఇరవై మంది కాకపోతే విమానాన్ని వేరే దళానికి ఇచ్చేస్తారట. "పిల్లల్ని చేర్పించే బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని ఆయన అడిగేసరికి పెద్దలందరికీ తమ బూట్ల లేసులు గుర్తొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆమె ఫ్యాను తగ్గించమని చెయ్యెత్తింది. కెప్టెన్ గారు పేరు రాసేసుకున్నారు.

"నేను ఫ్యాను గురించండీ," అందామె.

"అదీ తగ్గిద్దామమ్మా."

షాపులో కళ్లు పరీక్షించేదీ, అద్దాలు ఫ్రేములో బిగించేదీ ఆమే. గోడకు అక్షరాల చార్టు ఉంటుంది. మర్నాటి నుంచి ఏ పిల్లాడైనా చివరి వరుస తడుముకోకుండా చదివితే చాలు, "ఇవి విమానం నడిపే కళ్లండీ," అని సొరుగులోంచి ఫారం తీసేది. కళ్లద్దాలు అక్కర్లేదన్న సంబరంలో ఉన్న తండ్రులు ఏమీ చదవకుండానే సంతకం పెట్టేవారు. రెండు నెలల్లో పదకొండు పంతొమ్మిదైంది. బండి అక్కడ ఆగిపోయింది. కళ్లు బాగున్న పిల్లలు కళ్లద్దాల షాపుకు రావడమే తక్కువన్న సంగతి ఆమెకు తట్టడానికి ఇంకో నెల పట్టింది.

అలాంటి రోజుల్లో పన్నెండేళ్ల పిల్ల ఒకతి తన సోడాబుడ్డి కళ్లద్దాలకు స్క్రూ వదులైందని వచ్చింది.

"ఆంటీ, మా తమ్ముడికి ఫారం ఇచ్చారు కదా."

"అవునమ్మా. చార్టంతా చదివేశాడు."

"వాడికి కుడీ ఎడమా తెలీదు. కవాతులో ప్రతి వారం పక్కవాడి కాలు తొక్కుతున్నాడు. నాకు మ్యాపులు బాగా వచ్చు. నన్నెందుకు పిలవలేదు?"

ఆమె స్క్రూ తిప్పుతూనే ఉండిపోయింది. అది ఎప్పుడో బిగిసిపోయింది. "కనుక్కుని చెప్తానమ్మా," అని మాత్రం అంది.

ఆ ఆదివారం కెప్టెన్ గారిని అడిగింది. "కళ్లద్దాలున్న పిల్లల్ని చేర్చుకోవచ్చా అండీ?"

ఆయన ముక్కు మీది కళ్లద్దాలు తీసి వెలుతురుకు పట్టి చూశారు. "ఇవెక్కడ కొన్నానమ్మా?"

"మా షాపులోనే."

"నాలుగేళ్లుగా వీటితోనే విమానం నడుపుతున్నా. ఆ పిల్లల్ని వద్దన్నదెవరు?"

వద్దన్నదెవరో ఆమెకు తెలుసు. కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయింది. సర్దినవే మళ్లీ సర్దింది.

సోమవారం పొద్దున్నే ఆ పిల్ల ఇంటికి తానే ఫారం పట్టుకెళ్లి ఇచ్చింది. తర్వాత షాపు రిజిస్టరు ముందేసుకుని, ఐదేళ్లలో కళ్లద్దాలు పెట్టించుకున్న పిల్లలందరి ఇళ్లకూ ఫోన్లు చేసింది. అద్దాల పవర్ తప్పు పడిందేమోనని కంగారుగా ఫోనెత్తిన తల్లులు, విమానం మాట వినగానే ఫోను సరైన ఇంటికే చేశారా అని అడిగేవారు. "మా వాడికి రెండు గజాల అవతల బంతి కనపడదండీ," అని ఒకావిడ మొహమాటపడింది. "కళ్లద్దాలు పెట్టుకుంటే కనపడుతుందిగా. పంపించండి," అంది ఈమె. రెండు నెలలు తిరిగేసరికి లెక్క అరవై రెండు. షెడ్డులో కుర్చీలు చాలక పిల్లలు విమానం రెక్క నీడన కూర్చున్నారు.

ఏడాది చివర పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఎండలో బారులు తీరిన పిల్లల్ని చూసి కళ్లు చిట్లించాడు. మూడు వరుసల కళ్లద్దాలు ఒక్కసారిగా తళుక్కుమన్నాయి.

"ఇది దళమా, మీ షాపు ప్రకటనా?" అన్నాడు.

"మ్యాపు ఇచ్చి చూడండి," అందామె.

ఆయన మ్యాపు విప్పి, సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల ముందు పట్టి, వాగు ఎక్కడుందని అడిగాడు. ఆ పిల్ల ఓ క్షణం చూసింది. "సార్, ముందు మీరు దీన్ని ఇటు తిప్పి పట్టుకోవాలి."

విమానం వేరే దళానికి వెళ్లలేదు.

మరుసటి వారం కెప్టెన్ గారు ఆ పిల్లను పైకి తీసుకెళ్లారు. ఆ పిల్ల గాల్లో ఉన్న ఇరవై నిమిషాలూ షాపావిడ కింద ఖాళీ కళ్లద్దాల డబ్బా ఒకటి టపటపా తెరుస్తూ మూస్తూ నిలబడింది. దిగగానే పరుగెత్తుకెళ్లి, "ఎలా ఉందే?" అని అడిగింది.

"అన్నీ మ్యాపులో ఉన్నట్టే ఉన్నాయి ఆంటీ. ఒక్క కొత్త వంతెన మాత్రం అందులో గీయలేదు. మ్యాపు వేసేవాళ్లకు ఉత్తరం రాద్దామా?"

రాశారు. ఇద్దరి సంతకాలతో.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా పిల్లలు అంతమంది, విమానం ఒక్కటి. ఎవరెప్పుడు ఎక్కాలో ఆమే జాబితా రాస్తుంది, కాబట్టి ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఆమె మీద మూతి ముడుచుకునే ఉంటారు. ఆ జాబితా అడుగున కెప్టెన్ గారు స్వయంగా ఆమె పేరు కూడా వేశారు. స్టూలెక్కి పై అరలోని ఫ్రేము తీయాలన్నా కాళ్లు వణికే మనిషి ఆమె. ఆ సంగతి దళంలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తన వంతు దగ్గరపడ్డప్పుడల్లా ఎవరో ఒక కొత్త పిల్ల చేరుతుంది.

"ఈసారి మీరే కదమ్మా," అంటారు కెప్టెన్ గారు.

"పాపం, నిన్ననే చేరిందండీ," అని ఆమె తన పేరు కొట్టేసి కింద రాసుకుంటుంది. ప్రస్తుతానికి ఆమెది తొంభై నాలుగో నంబరు. అది వంద దాటేదాకా పిల్లల్ని చేర్పించే ఉత్సాహంలో ఉంది.