ఆనకట్ట మీద జూలై కార్తీకం

న్యూయార్క్ రాష్ట్రంలో మేమున్న చోట కార్తీకమాసం నాటికి చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని మేం నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళం కార్తీక వనభోజనాలు జూలైలోనే కానిచ్చేవాళ్ళం. ఉసిరిచెట్టు లేదు కనక మేపుల్ చెట్టుతో సర్దుకునేవాళ్ళం. ఊరికి తాగునీళ్ళిచ్చే పాత రాతి ఆనకట్ట పక్కనున్న పార్కే మా వనం.

ఎనభై ఒకటిలో నాకు ఉద్యోగం లేదు. ఇండియాలో కాలువలు తవ్వించిన ఇంజనీర్ని, ఇక్కడ మూడేళ్ళు ఎవరి ప్లాన్లకో గీతలు గీశాను. ఆ వేసవి ముందు అదీ పోయింది. చివరికి ఆ ఆనకట్టను చూసుకునే నీటి శాఖలో ఇంటర్వ్యూ బాగా జరిగింది. వారంలో ఉత్తరం వస్తుందన్నారు. నేను ఉత్తరం కంటే ముందే మనసులో ఉద్యోగంలో చేరిపోయాను.

ఆ ఆదివారం అందరినీ కట్టమీదికి తీసుకెళ్ళి, రాళ్ళెలా పేర్చారో ఉపన్యాసం మొదలుపెట్టాను.

"క్లాసు తర్వాత పెట్టుకుందాం గురూగారూ, ఆకలేస్తోంది," అన్నాడు మా నాలుగు కుటుంబాల్లోని ఒక మిత్రుడు.

అతని భార్య రేకు గిన్నెల్లో నేతి వత్తులు తెచ్చింది. "అన్నయ్యగారూ, నీళ్ళలో దీపాలు వదలొచ్చా? బోర్డు మీద ఏదో వద్దని రాసుందే!"

"మన డిపార్ట్‌మెంటేనమ్మా! వదలండి, నేను చూసుకుంటాను."

పట్టపగలు ఎనిమిది దీపాలు ఊరి తాగునీటి మీద తేలాయి. కాపలా అధికారి రానే వచ్చాడు. ఎవరు వదలమన్నారని అడిగాడు. నాలుగు కుటుంబాలూ, మా ఆవిడతో సహా, నావైపు చూశాయి.

"చూసుకుంటానన్నారుగా, చూస్కోండి మరి," అన్నాడు మిత్రుడు తెలుగులో.

త్వరలో మీ శాఖలోనే చేరబోతున్నానని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, నోటుబుక్కు తీసి, పేరు స్పెల్లింగు చెప్పమన్నాడు. ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాను. దరఖాస్తు కూడా అంత శ్రద్ధగా నింపలేదు.

గురువారం ఉత్తరం వచ్చింది. రెండు వాక్యాలు, ఉద్యోగం ఇవ్వలేనందుకు రెండూ విచారిస్తూనే. దానికి దీపాలే కారణమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఎవర్నని అడగను?

మరుసటి జూలైలో మాకు పిలుపు రాలేదు. అందరూ అదే పార్కుకి వెళ్ళారని మా ఆవిడ కూరగాయల షాపులో విని వచ్చింది. మిత్రుడికి ఫోన్ చేశాను.

"అక్కడికొస్తే మీరు ఫీలవుతారని చెప్పలేదండీ," అన్నాడు.

ఈసారి బోర్డు చదివారుట. దీపాలు వదల్లేదుట.