ఈశాన్యం మూల

పెదనాయన పోయాడన్న ఫోను వచ్చినప్పుడు నేను హోసూరు నుంచి ధర్మపురికి వచ్చే బస్సులో ఉన్నాను. మారండహళ్ళిలో బస్సు ఆగి టమాటా బుట్టలు ఎక్కించుకుంటోంది.

"పాపా, పెదనాయన వెళ్ళిపోయినాడు. నువ్వు నిదానంగా రా" అంది పెద్దమ్మ.

నిదానంగానట! సీట్లో కూర్చోలేకపోయాను. కిందికి దిగి బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగాను. టైర్లు చూస్తున్నావా అని కండక్టరు తమిళంలో వేళాకోళం చేశాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ళ తరబడి దాచుకున్నానే, ఇక ఎవరికి చెప్పేదన్న గాభరా ఒక్కటే. ఆ గాభరా ఇంకా తగ్గలేదు. ఇది రాస్తూ కూడా నాలుగు వాక్యాలకోసారి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను.

మా పెదనాయన మేస్త్రి. ధర్మపురిలో ఇళ్ళు కట్టే తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. నాకు కూడా ఫుట్‌బాల్ క్యాంపులో నా గదిలో ఉన్న అనంతపురం అమ్మాయి నేర్పింది. తప్పులుంటే ఆ అమ్మాయినే అడగండి.

పెదనాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గాజు గోలీ ఉండేది. ఎవరింటికి పోయినా కాఫీ రాకముందే దాన్ని నేలమీద పెట్టి చూసేవాడు. అది దొర్లిందా, "ఈ ఇల్లు ఎవరు కట్టినారు?" అని అడిగేవాడు. పెళ్ళి చూపులకు పోయినచోట కూడా అంతే. పెద్దమ్మ తల బాదుకునేది. "నీళ్ళు అబద్ధం చెప్పవు, గోలీ అబద్ధం చెప్పదు. మనమే చెప్తాము" అనేవాడు.

ఊరందరి ఇళ్ళూ పూసిన ఆ మనిషి మేమంతా కలిసి ఉండే సొంత ఇంటి నడవాలో గోడ మాత్రం పూయలేదు. ఎర్రటి ఇటుకలు అలాగే కనబడుతుంటాయి. అది ఆయన పుస్తకం. మన దేశపు పదిహేడేళ్ళలోపు ఫుట్‌బాల్ జట్టు బయటి దేశాలతో ఆడిన ఆటలన్నీ, అబ్బాయిలవీ అమ్మాయిలవీ, ఇటుకకు ఒకటి చొప్పున మేస్త్రి పెన్సిల్‌తో తమిళ అక్షరాల్లో రాసి పెట్టాడు. పక్క దేశాలతో ఆడిన పోటీల్లో గెలుపులు చాలానే ఉన్నాయి. ఆసియా అర్హత పోటీలకు వచ్చేసరికి ఓటములు మొదలు. ప్రపంచ పోటీ మన దేశంలోనే జరిగినప్పుడు అబ్బాయిలు మూడు ఆటలూ ఓడిపోయారు. అమ్మాయిల వంతు వచ్చినప్పుడూ అంతే. ఆ ఆరు ఇటుకలూ పక్కపక్కనే ఉంటాయి. ఆరింటిలో ఒక్కదానిమీద మాత్రమే మన పక్క సున్నా బదులు ఒకటి ఉంది. పనికి పోయేటప్పుడు పెదనాయన ఆ ఇటుకను వేలితో తట్టి పోయేవాడు.

"గెలిస్తే స్కోరు చెప్పు చాలు. ఓడితే మాత్రం ఎట్ల ఓడినారో చెప్పు" అనేవాడు నాతో.

ఎందుకు ఓడుతున్నామో ఆయనకు ఒక లెక్క ఉండేది. మన పిల్లలు మిట్టపల్లాలమీద ఆట నేర్చుకుంటారు, కాళ్ళు ఆ వాలుకు అలవాటు పడతాయి, తీరా చదునైన నేలమీద ఆడేటప్పుడు బంతి అనుకున్న చోటికి పోదు. టీవీలో ఆట వస్తుంటే అందరూ ఆటగాళ్ళను చూస్తారు, ఆయన నేలను చూసేవాడు. "అన్నిటికీ నేలేనా మేస్త్రీ?" అని పనివాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత రోజుల్లో మా కోచ్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకో చెబుతాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధి చివరి మైదానాన్ని చదును చేయడానికి పూనుకున్నాడు ఆయన. కూలి లేదు, అడిగినవాళ్ళూ లేరు. ఆదివారం వస్తే చాలు, పార, దిమ్మిస, నీళ్ళు నింపిన పొడుగాటి ట్యూబు తీసుకుని బయల్దేరేవాడు. ట్యూబుతో నేల మట్టం చూడటానికి ఇద్దరు కావాలి. ఒక కొసను ఆయన నేలలో పాతిన మొదటి గూటం దగ్గర పట్టుకునేవాడు. రెండో కొసను నేను దూరంగా ఇంకో గూటానికి ఆనించి పట్టుకోవాలి. ట్యూబులో నీళ్ళు పైకీ కిందికీ ఊగుతాయి. ఊగి ఊగి ఒకచోట నిలుస్తాయి. నిలిచినచోట గూటంమీద నేను గీత గీయాలి. ఆ గీతను బట్టి ఆయన మట్టి పోసి దిమ్మిసతో కొట్టేవాడు.

"నీళ్ళు నిలిచినాక గీయి పాపా. తొందర లేదు."

తొందర లేనిది ఆయనకు. నాకు ఒళ్ళంతా తొందరే! ఈశాన్యం మూలకు వచ్చిన రోజు పిల్లలు బంతి పట్టుకుని పక్కనే గంతులేస్తున్నారు. "ఇంకెంతసేపే?" అని నన్ను పిలుస్తున్నారు. నీళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

"నిలిచినాయా?" అని అరిచాడు పెదనాయన.

"నిలిచినాయి!" అని అరిచి, కిందికి దిగిన నీటి దగ్గరే గీసేశాను. ఆ మూలలో ఉన్న నాలుగు గూటాలకూ అలాగే చేసి ఆటకు పరిగెత్తాను. ఆయన నా గీతలు నమ్మి మట్టి కొట్టాడు.

ఆ మూల నాలుగు వేళ్ళ మందం పల్లమైంది. నేను లెఫ్ట్ బ్యాక్, ఎడమ పక్క వెనక నిలిచి ఆడేదాన్ని. ఐదేళ్ళు ఆ మూలలోనే ఆడాను. అక్కడినుంచి లోపలికి బంతి ఇవ్వాలంటే కాస్త గట్టిగా, మిట్టకు ఎక్కేట్టు కొట్టాలి. నా కాలికి అదే అలవాటైంది.

పదహారేళ్ళకు జాతీయ జట్టులోకి తీసుకున్నారు. పరాయి దేశంలో అర్హత పోటీ. చివరి ఆట డ్రా అయితే చాలు, ముందుకు పోతాం. ఇంక కొద్ది నిమిషాలున్నాయనగా బంతి నా దగ్గరికొచ్చింది. లోపలున్న మా డిఫెండర్‌కు ఇచ్చాను, చూడకుండా, అలవాటు బలంతో. బంతి ఆ అమ్మాయిని దాటి సర్రున పోయింది. ఎదుటి జట్టు పిల్ల అందుకుంది. గోలు. అంతే, ఇంటికి ప్రయాణం.

నేల వల్లేనా? బెదిరిపోయి కొట్టానేమో. నాకు ఈనాటికీ తెలియదు.

పెన్నాగరం రోడ్డులో పనిమీద ఉండి పెదనాయన ఆ ఆట ఫోనులో చూశాడట. నేను ఇంటికొచ్చాక ఓటమి ఊసే ఎత్తలేదు.

"ఆ నేల ఎట్లుండింది?" అని అడిగాడు.

"బల్ల మాదిరి ఉండింది పెదనాయనా."

చెప్పులేసుకుని మైదానానికి పోయాడు. నేనూ వెనకే పోయాను. ఈశాన్యం మూలలో గోలీ పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయింది. ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"మట్టం నేనే తప్పు పెట్టినా పాపా. నీ కాలును నేనే చెడగొట్టినా."

చెబుదామనే నోరు తెరిచాను. "పోనీలే పెదనాయనా" అన్నాను. సిగ్గులేని నోరు! మర్నాడు నా ఆటకు ఒక ఇటుక వచ్చింది. స్కోరు కింద ఆయన ఇంకో రెండు మాటలు రాశాడు. "నా తప్పు."

ఆ నడవా దాటకుండా వంటింట్లోకి పోలేం. అన్నం తిన్న ప్రతిసారీ ఆ ఇటుకను దాటుకునే తిన్నాను. ఈ ఏడు చెబుదాం, పండగకు చెబుదాం అనుకుంటూనే హోసూరులో ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు వచ్చి ఆ మైదానంలోనే ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఈశాన్యం మూలలో మాత్రం ఎవరినీ ఆడనివ్వను. ఎందుకక్కా అని పిల్లలు అడిగితే కసురుతాను.

ఆ మూల సరిచేయాలని ఆయన రెండు లోడ్ల మట్టి తెప్పించాడు. కొట్టకముందే ఊపిరితిత్తులు మొరాయించాయి. ఎన్నేళ్ళ సిమెంటు దుమ్మో మరి. ఆసుపత్రిలో మంచం దిగి వరండాలో గోలీ పెట్టబోతే నర్సు తిట్టింది. నన్ను చూసి నవ్వి, "ఆ మూల ఒక్కటి ఉండిపోయిందే" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? మందులు తెస్తానని లేచి పోయాను. దేవుడా, ఎన్ని మందుల కొట్లు తిరిగానో ఆ పూట.

కర్మ అయిన మరుసటి ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ట్యూబు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడింది. నలభై ఏళ్ళు ఆయన పక్కన ఇటుకలు మోసిన మనిషి.

"ఇప్పుడే ఎందుకు పెద్దమ్మా?"

"వాన వస్తే ఆ మట్టంతా పోతాది. రా."

మట్టి కుప్పమీద గడ్డి మొలిచి ఉంది. పెద్దమ్మ మొదటి గూటం దగ్గర ఆయన పట్టుకునే కొసను పట్టుకుంది. నేను ఈశాన్యం మూలలో రెండో కొస పట్టుకున్నాను.

"పెద్దమ్మా, నడవాలో నా ఆట ఇటుకమీద ఏమి రాసినాడో తెలుసా?"

"నాకేం సదువొచ్చునా?"

"నా తప్పు అని రాసినాడు. ఆయన తప్పు కాదు పెద్దమ్మా. ఈ మూల గీతలు గీసింది నేను. నీళ్ళు నిలవకముందే గీసేసి ఆటకు పోయినా. ఆయన నన్ను నమ్మినాడు. సచ్చేదాకా తన తప్పనే అనుకున్నాడు. నేను చెప్పనే లేదు."

పిల్లలు బంతి ఆపి నావైపు చూస్తున్నారు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. పెద్దమ్మ తల ఎత్తలేదు. తన కొసలో నీటినే చూస్తోంది.

అలా చూస్తూనే అంది, "పాపా, నీళ్ళు ఇంకా ఆడతా ఉండాయి. కదలకుండా నిలబడు."

నిలబడ్డాను. ట్యూబులో నీళ్ళు గోరంత పైకి లేచాయి, గోరంత కిందికి దిగాయి, మళ్ళీ లేచాయి. పెన్సిల్ నా చేతిలోనే ఉంది.