సంతోషమ్మ తల తూర్పుకి

ఆదెయ్య తవ్విన గోతుల్లో పడుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ లేచి వంక పెట్టలేదు. మార్టూరు దాటాక పత్తి చేల మధ్య ఉన్న చిన్న సమాధుల తోటలో నలభై ఏళ్ళుగా ఆయనదే పార. బతుకుతెరువు మిరప చేలో కూలిపని. కానీ పల్లెలో ఎవరైనా కన్నుమూశారంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చేస్తాడు. ముందు రెండు మేకులు పాతి, తాడు లాగి, దిక్కులు సరిచూసుకుంటాడు. తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు గనక, ఆ రోజు లేచి కూర్చున్నవాళ్ళకి ఎదురుగా కనపడాలి. అందులో జానెడు వంకరొచ్చినా ఆదెయ్య ఒప్పుకోడు, పూడ్చేసి మళ్ళీ తవ్వుతాడు.

అంతటివాడి భార్య విషయంలోనే పొరపాటు జరిగింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు సంతోషమ్మ ఒంగోలు ఆసుపత్రిలో పోయింది. అప్పటికి ఆదెయ్య అదే ఆసుపత్రిలో ఇంకో మంచం మీద ఆక్సిజన్‌తో ఉన్నాడు. బంధువులు ఒక్కరూ గడప దాటలేదు. ఆటో నడుపుకునే ముబీన్ నలుగురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి ఆమెను తోటలో పూడ్చిపెట్టాడు. తర్వాత ఎవరో తల అటే ఉంటుందనుకుని, అలవాటు ప్రకారం పడమటి వైపున సిలువ పాతారు. కోలుకుని వచ్చిన ఆదెయ్య ఆ సిలువ దగ్గరే కూర్చుని ఏడ్చాడు.

నిరుడు మిరపకాయల బస్తాలు ఎక్కించుకోవడానికి కల్లానికి వచ్చిన ముబీన్, మాటల్లో మాటగా ఆ సంగతి ఎత్తాడు.

"పిన్నిని ఊరికే పెట్టేసి రాలేదు బాబాయ్. మీవాళ్ళు వెల్లకిలా పడుకోబెడతారని తెలుసు. ముఖం పడమటికి ఉండాలని కాళ్ళు అటు పెట్టించా. మాకది నమాజు దిక్కు. అంతకంటే మంచి దిక్కు నాకు తెలీదు."

అంటే తల తూర్పుకి ఉంది, ఆదెయ్య సిలువ పక్కన కూర్చుని ఏడ్చింది ఆమె కాళ్ళ దగ్గర. అయినా సొంతవాళ్ళు తలుపులేసుకున్న రోజున తన భార్యని చేతుల మీద గోతిలోకి దించిన మనిషిని ఏమంటాడు? "నీ మేలు మర్చిపోలేనురా అబ్బాయ్" అన్నాడు, మనస్ఫూర్తిగానే.

అప్పట్లో ఆయన ఒకటి చెప్పుకుని సర్దుకున్నాడు. పాత పాస్టరుగారి బోధ ప్రకారం ప్రభువు రావడం లోకం మీదికొచ్చే శ్రమలన్నీ అయ్యాకే, బూర మోగుద్ది, లోకమంతా చూసిద్ది. అంత హడావుడి ఉన్నప్పుడు సంతోషమ్మ నిమ్మళంగా లేచి ఇటు తిరగొచ్చు, తొందరేముంది?

ఈ ఫిబ్రవరిలో ఆ ఊరటా పోయింది. కొత్త పాస్టరు ప్రసన్నకుమార్ గారు షామియానా వేయించి, తెర కట్టి, మూడు రోజులు ప్రార్థన కూటాలు పెట్టారు. నమ్మినవాళ్ళ సంఘం ఆకాశానికి ఎత్తబడేది ఏడేళ్ళ శ్రమలకి ముందేనని, అదీ రహస్యంగా, రెప్పపాటులో జరిగిపోతుందని బొమ్మలేసి మరీ చూపించారు. శ్రమలు తప్పాయని పల్లె అంతా ఊపిరి పీల్చుకుంది. ఆదెయ్యకి మాత్రం ముద్ద దిగలేదు. సంతోషమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. మంచం మీద పక్కకి ఒత్తిగిలడానికే యేసయ్యని రెండుసార్లు పిలిచేది. రెప్పపాటులో అంత మనిషి ఎలా తిరుగుద్ది?

కూటాలయ్యాక పాస్టరు గారి ఇంటికి వెళ్ళి, గొయ్యి తవ్వి ఆమెను సరిగ్గా పడుకోబెడతానని అడిగాడు.

"ఆయనకి దిక్కులతో పనేముందండీ ఆదెయ్య గారూ? సముద్రంలో పోయినవాళ్ళని లేపడా?"

"మరి నలభై ఏళ్ళు నాచేత తాడేసి తవ్వించారేంటయ్యగారూ?"

పాస్టరు కుర్రవాడైనా మంచివాడు, తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు. పూడ్చిన సమాధిని కదిలించాలంటే మండలాఫీసు నుంచి కాగితాలు కావాలనీ, ఆ పని వద్దనీ మెల్లగా నచ్చజెప్పాడు. వెళ్ళబోతూ ఆదెయ్య గుమ్మం దగ్గర ఆగాడు.

"రెప్పపాటంటే ఎంతసేపయ్యగారూ?"

"నాకూ తెలీదండీ" అన్నాడు పాస్టరు.

మర్నాడు కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మరదలు కోటిరత్నం దగ్గర కూలబడి సంగతంతా చెప్పుకున్నాడు. కోటిరత్నానికి నోరెక్కువ, అక్క మీద ప్రేమా ఎక్కువే. చేతిలో కాయలు పక్కన పెట్టింది.

"మా అక్క ఏ రోజన్నా లేవంగానే తూర్పు చూసిందా బావా? ముందు నీ మంచం చూసేది. నువ్వున్నావా, దగ్గుతున్నావా, గొయ్యి తవ్వడానికి అప్పుడే పోయావా అని. ఆ రోజు కూడా అంతే. నువ్వు కనపడితేనే ఇంకేదన్నా చూసిద్ది."

ఆదెయ్య కళ్ళలో నీళ్ళొస్తే మిరప ఘాటు మీద నెట్టేశాడు.

సాయంత్రం తాడూ మేకులూ పట్టుకుని తోటకి పోయాడు. సంతోషమ్మ కాళ్ళకి అవతల, సరిగ్గా పడమటి వైపున, మనిషి పట్టేంత చోటు కొలిచి నాలుగు మూలలా రాళ్ళు పాతాడు. ఈ మధ్య తనతో పాటు గోతులు తవ్వుతున్న యలమంద వింతగా చూశాడు.

"పక్కన చోటుండగా అక్కడెందుకు పెద్దయ్యా? వరస చెడుద్ది."

"చెడనీరా. నేను పోతే ఇక్కడే పెట్టండి. నా తల అందరి లాగే పడమటికి. నేను తూర్పు చూస్తా లేస్తా, అది పడమర చూస్తా లేచిద్ది. ఎదురెదురు పడతాం. ఇటు కాదే, ఎనక్కి తిరుగు, ఆయనొచ్చాడు అని చెప్పటానికి రెప్పపాటు చాలు."

యలమంద నవ్వలేదు. రాళ్ళు గట్టిగా దిగాయో లేదో కాలితో తొక్కి చూశాడు.

అంతా కుదిరింది కానీ ఇందులో ఒక చిక్కుంది. ముందు లేచేది చచ్చిపోయినవాళ్ళు, బతికున్నవాళ్ళ వంతు ఆ తర్వాతే. అంటే ఆ రోజుకి ఆదెయ్య మిరప చేలో ఉండకూడదు, ఆ నాలుగు రాళ్ళ మధ్యే ఉండాలి. అందుకే ఆదివారం సంఘమంతా చేతులెత్తి, త్వరగా రావయ్యా అని ఎలుగెత్తి ప్రార్థిస్తుంటే, వెనక వరసలో ఆదెయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, పక్కవాడికి వినపడకుండా వేడుకుంటున్నాడు.

"ఇంకొంచెం ఆగయ్యా. నన్ను దాని దగ్గరికి పోనిచ్చి, అప్పుడు రా."