సిమెంటు తూములో గురులింగప్ప

గురులింగప్పకు ఏ పనైనా ముందొకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోనిదే చేయి ఆడదు. హైదరాబాదు వెళ్లాలంటే ముందురోజే జహీరాబాద్ బస్టాండులో ఆగి ఉన్న బస్సెక్కి, కిటికీ పక్కన కాసేపు కునికి, దిగి ఇంటికొచ్చేవాడు. తొలకరికి ముందు గొడుగు విప్పి నిలబడి, మిద్దె మీంచి భార్య బసమ్మ చేత బిందెడు నీళ్లు పోయించుకునేవాడు. ఆ పనికి మాత్రం ఆమె ఎన్నడూ విసుక్కోలేదు.

పెళ్లికి ముందు ఆయన తన చేలో పండిన అల్లం బస్తాకు దండవేసి, తాళి కట్టి చూసుకున్నాడని ఆమెకు ఇప్పటికీ ఉడుకు.

"గా బస్తనే నా సవతి," అంటుంది.

"దాని నోరు కుట్టేసి ఉండె. గందుకే ముచ్చటగుండె," అంటాడాయన.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఆయన మేనకోడలు భాగీరథికి కుడికన్ను మసకబారింది. కుట్టుమిషనే ఆమెకు బతుకుదెరువు. సూదిలో దారం ఎక్కడం లేదు. కంటి వెనుక నరం వాచిందేమోనని డాక్టరు అనుమానించి బొంబాయి పంపాడు. అక్కడ కొత్తగా ఒక పెద్ద అయస్కాంతం మిషను వచ్చింది. దాని సొరంగంలో మనిషిని పడుకోబెట్టి, నరంలోని నీరు అయస్కాంతానికి ఎలా స్పందిస్తుందో కొలుస్తారు. వాచిన నరంలో నీరెక్కువ కనుక కొలత మారుతుంది. వాపైతే మందుంది. గడ్డ అయితే కోయాలి.

లోపల మోత మొదలవగానే భాగీరథి చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తి, తిన్నగా ఊరికొచ్చేసింది.

"కన్ను పోతె పోనియ్యి మామా! బతికుండంగ బొందల పండను."

గురులింగప్ప మర్నాడే అల్లం అమ్మి వస్తానని లారీ ఎక్కి బొంబాయి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బస్తాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. బసమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆయన వినిపించుకోకుండా ఆమెనూ భాగీరథినీ చిరాగ్‌పల్లి దగ్గర, రోడ్డు పక్కన పడి ఉన్న, మనిషి పట్టేంత సిమెంటు తూము దగ్గరికి నడిపించాడు.

"పండు బిడ్డా. ఒకపారి చేసి చూద్దం."

"పిచ్చా మామా? లారీలోళ్లంత నవ్వుతున్రు!"

"నవ్వనియ్యి. జర పిన్నీసులు తీసి అత్తకియ్యి. ఆడ ఇనుము ఉండొద్దు."

ధైర్యం చెప్పడానికి ముందు తానే దూరాడు. పొట్ట ఇరుక్కుంది. బసమ్మ కాళ్లు పట్టి లాగుతూ, "అచ్చం బస్త లెక్కనే!" అంది. భాగీరథి నవ్వుతూనే లోపల పడుకుంది. ఆయన రాయి తీసుకుని తూము మీద వాయించాడు. టక్ టక్ టక్... ఆగి... ధబ్!

"ఏం కాకా, పీనుగను లేపుతున్నవా?" అన్నాడొక డ్రైవరు.

"నిద్రపుచ్చుతున్న. నువ్వు హారన్ కొట్టకు!"

తొలిరోజు కెవ్వుమని బయటికొచ్చిన భాగీరథి, కొన్నాళ్లకు ఆ మోతలోనే గుర్రు పెట్టింది.

మళ్లీ బొంబాయి. మళ్లీ సొరంగం. ఆమె కళ్లు మూసుకుంది. టక్ టక్ టక్... ఆగి... ధబ్!

అచ్చం మామ వాయింపే. అల్లం ఎందుకు అమ్ముడుపోలేదో అప్పుడర్థమైంది. ఈ గది తలుపు బయట చెవి పెట్టి కూర్చుని, ఈ మోతను జహీరాబాదుకు మోసుకొచ్చాడన్నమాట! ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. కదలొద్దని మైకులో గదమాయించారు. పెదవి కొరికి పడుకుంది.

బయటికి రాగానే అడిగింది: "అప్పుడు అల్లం ఎందుకు అమ్ముడుపోలే మామా?"

"గిరాకి లేకుండె," అన్నాడాయన గోడకేసి చూస్తూ.

తేలింది వాపే. మందులతో చూపు తేటపడింది. సూదిలో దారమెక్కాక భాగీరథి మొట్టమొదట కుట్టింది మామకు అంగీ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తొందరెందుకు బిడ్డా? ముందు బస్తకు తొడిగి చూద్దం."

"తొడిగే తెచ్చిన మామా," అంది భాగీరథి. "పొట్టకాడ సరిగ్గ సరిపోయింది."