యారాడ గాలికి ఒక తొడుగు

రాజమండ్రిలో పొద్దున్న రైలెక్కేటప్పటికి నా సంచిలో బట్టలకన్నా చెత్త ఎక్కువుంది. రెండు టీ వడపోతలు, పాత దిండులోంచి కోసిన స్పాంజి, దోమతెర ముక్క, సూది, దారం. వాటి మధ్య క్యాసెట్ రికార్డరు, పొడుగు తీగ ఉన్న మైకు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచర్ని. పాటలు పోగెయ్యడం నాకు పాత పిచ్చి. ఈసారి మాత్రం పిచ్చి కోసం కాదు, ఒక మనిషి గొంతు కోసం బయల్దేరాను.

అంతకుముందు వేసవిలో విశాఖపట్నంలో మా అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు సూర్యం బావ నన్ను కొండవతల ఒడ్డునున్న బెస్తల ఊరు యారాడ తీసుకెళ్లాడు. అక్క మొగుడాయన, పోర్టులో గుమస్తా. యారాడలో అప్పన్న అనే పెద్దాయన ఉన్నాడు. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు పాట ఎత్తేది ఆయనే. ఆయన ఒక మాట అందిస్తే, తాళ్లు పట్టుకున్నవాళ్లంతా రెండో మాట అందుకుంటారు. ఆ ఊపుకి వల కదులుతుంది. సంబరంగా రికార్డు చేసుకుని ఇంటికొచ్చి వింటే టేపు నిండా గాలే. లారీ గేరు మార్చినట్టు బర్రుబర్రుమంటూ ఒకటే మోత. అప్పన్న ఎక్కడో అడుగున ఉన్నాడు.

పోనీలే, మళ్లీ వెళ్దాం అనుకున్నాను. ఈలోగా ఏదో పనిమీద రాజమండ్రి వచ్చిన బావ కబురు చెప్పాడు. "అప్పన్నకి గొంతులో కాయట. వచ్చేవారం పెద్దాసుపత్రిలో కోస్తారట. పేనానికి బయం లేదు గానీ గొంతు ఉంటాదో ఉండదో సెప్పలేమన్నారట. ఆడి పెళ్లాం పోలమ్మ నిన్ను మళ్లీ రమ్మంటంది."

ఇంట్లో కూచోబెట్టి తలుపులేసి పాడించవచ్చు కదా అని మీరంటారు. నేనూ అదే అన్నాను. వల తాడు చేతిలో లేకుండా ఆ పాట ఎత్తకూడదట. ఉత్తినే పాడితే వల ఉత్తిదే వస్తుందని వాళ్ల నమ్మకం. కాబట్టి పాట కావాలంటే ఒడ్డుకే వెళ్లాలి. ఒడ్డుకి వెళ్తే గాలి తప్పదు.

తునిలో గారెలు వేడిగా దొరుకుతాయి, చట్నీని మాత్రం నమ్మకండి. ఎదురు సీట్లో ఒకాయన స్టీలుప్లాంటులో క్రేను పనికి వెళ్తున్నాడు. నేను ఒళ్లో స్పాంజి పెట్టుకుని కత్తెరతో బొరియ తొలుస్తుంటే కాసేపు చూసి, "బొమ్మలమ్ముతారేటండీ?" అన్నాడు. మైకుకి చొక్కా కుడుతున్నానని చెప్పాను. ఆయన మర్యాదగా కిటికీవైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి విశాఖపట్నంలో దిగి, సిటీబస్సులో ద్వారకా నగర్ చేరాను. అక్క వంకాయకూర పెట్టింది. సాయంత్రం బావని బీచికి లాక్కెళ్లి ఇసకలో నిలబెట్టి మాట్లాడమన్నాను. మైకుకి చేతిరుమాలు చుడితే దాని రెపరెపలే వినపడ్డాయి. పల్చటి స్పాంజి చిరుగాలికి సరిపోయింది గానీ కెరటం మీంచి గట్టిగా ఒక్క విసురు వచ్చేసరికి చేతులెత్తేసింది. మందపాటి స్పాంజి గాలిని ఆపింది, దాంతోపాటు బావనీ ఆపేసింది. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది.

ఇంటికొచ్చి వినిపిస్తే, "ఈయన ఇలాగే బావున్నాడే, ఉంచెయ్యి" అంది అక్క.

అప్పటికి నాకు తెలిసిందేమిటంటే, తొడుగు మైకుని అంటుకుని ఉండకూడదు. మధ్యలో కదలని గాలి కొంచెం ఉండాలి. బయటి విసురు అక్కడికొచ్చి నీరసించాలి. రెండు వడపోతల పిడులూ విరిచి, బోర్లించి బంతిలా కుట్టి, లోపల రబ్బరుముక్కల మీద మైకుని కూచోబెట్టాను. దానిపైన దోమతెర. మర్నాడు పూర్ణా మార్కెట్లో బొమ్మలు కుట్టే కొట్టులో బొచ్చుగుడ్డ బేరం చేశాను. తెల్లది లేదు, మట్టిరంగుదే ఉంది. "ఎలుగుబంటికా, కోతికా అమ్మా?" అన్నాడు కొట్టతను. రెండూ కాదన్నాను. అది తొడిగి సాయంత్రం మళ్లీ బీచికి వెళ్తే, గాలి ఎంత వీచినా బావ మాట గంటలా వినపడింది. నాకు గంతులెయ్యాలనిపించింది.

మూడోరోజు తెల్లవారుతూనే మల్కాపురం బస్సెక్కాం. అక్కణ్ణించి ఒక ఇటుకల లారీ దయతలచి కొండపైదాకా ఎక్కించుకుంది. యారాడ వెళ్లేవాళ్లు మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, కొండమీద దొరకవు. పైన నిలబడితే వెనక రేవులో ఓడలు, ముందు కొబ్బరిచెట్లూ ఇసకా. దిగుతుండగానే గాలి నా చీరకొంగు పట్టుకుంది.

పోలమ్మ ఎదురొచ్చింది. మైకు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదేటమ్మా, పందికొక్కునట్టుకొచ్చీసినావు?"

అప్పన్న నవ్వాడు. నవ్వులోనే గరగర ఉంది. "అదేటైనా గానీ, దానికి సెవులున్నాయా నేదా సూడు" అన్నాడు.

వల అప్పటికే సముద్రంలో పడింది. తాళ్ల కొసలు రెండూ ఒడ్డుకి చేరాయి. నేను రికార్డరు ఇసక తగలకుండా గోనెమీద పెట్టి, క్యాసెట్టు వేసి వెనక్కి తిరిగేసరికి పోలమ్మ చేతిలో నా మైకు తడిసి ముద్దై ఉంది. బొచ్చంతా పసుపు. నడినెత్తిన కుంకుమబొట్టు.

"కొత్తదేదొచ్చినా పసుపునీళ్లు సల్లకుండా వల దగ్గిరికి రానివ్వమమ్మా" అంది, నేను మెచ్చుకుంటానన్నట్టు చూస్తూ.

"ఎంతపని చేశావు పోలమ్మా!" అని అరిచేశాను. తడిసిన బొచ్చు అట్టకట్టి మేకతోలులా అయింది. గాలిని మెత్తగా విడగొట్టే వెంట్రుక ఒక్కటీ లేదు. లోపలి మైకు మాత్రం నయం, తడవలేదు. విషయం అర్థమవగానే పోలమ్మ మొహం పాలిపోయింది. "నా సేతుల్తోనే పాడుసేసినానా? ఆడి గొంతు నానే పోగొట్టీసినానా?" అని ఇసకలో కూలబడింది.

"మరదలా, ఎత్తీసినాడు!" అని బావ కేకేశాడు. నిజమే, అప్పన్న మొదటి మాట అందించేశాడు. వల ఎవరికోసమూ ఆగదు.

బొచ్చు పీకి పారేశాను. దోమతెర ఒక్కదాన్నే ఉంచి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటే మళ్లీ ఆ లారీ మోతే. ఏడుపొచ్చింది. చుట్టూ చూశాను. పడవ పక్కన అప్పన్న కూచోవడానికి మడిచి పెట్టుకున్న పాత నూలువల ఉంది. ఏళ్ల తరబడి నాని, ఎండి, దారమంతా నూగు రేగి దూదిలా అయింది. బొచ్చు అంటే ఇదే కదా అనిపించింది.

"పోలమ్మా, ఇది కోసుకోనా?"

ఆవిడ మొలలోని కత్తి తీసి వలని అడ్డంగా కోసింది. ఇద్దరం కలిసి బంతికి పొరమీద పొర చుట్టాం. ఆవిడ వల చుట్టినట్టే గట్టిగా బిగించబోతే, "వదులుగా, వదులుగా" అని చేతిమీద కొట్టాను. ఇయర్‌ఫోనులో మోత తగ్గింది. ఇంకో పొర వేశాక ఎక్కడో దూరాన తాటాకులు కదిలినంత చప్పుడు మిగిలింది. దానిమీద అప్పన్న గొంతు, గరగరతో సహా, నా చెవి పక్కనే ఉన్నట్టుంది.

వెదురుకర్రకి మైకు కట్టి, ఆయన వెనక్కి అడుగేస్తే నేనూ వెనక్కి అడుగేశాను. పోలమ్మ తీగ పట్టుకుని వెంటే నడిచింది. చేపలుండే వల కడుపు ఒడ్డెక్కేదాకా ఆయన పాడుతూనే ఉన్నాడు. పడ్డవి కవళ్లనే చిన్నచేపలే, అవీ కాసిని. జనం బుట్టలతో మూగారు. నేను ఇయర్‌ఫోను తీసేసి బావతో కబుర్లలో పడి, రికార్డరు ఆపడం మర్చిపోయాను. పోలమ్మ పడవ చాటున కొంగుతో కళ్లొత్తుకోవడం, అప్పన్న ఆవిడ దగ్గరికెళ్లి ఏదో అనడం చూశాను. మైకు కర్ర ఆ పడవకే ఆనించి ఉంది.

మర్నాడు తిరుగు రైల్లో కిటికీ పక్కన కూచుని టేపు మొదటినుంచీ విన్నాను. ఇంటికెళ్లి నకలు తీసి, బావ చేత పోలమ్మకి పంపుతానని చెప్పాను. పాట అయిపోయాక మిగిలిన టేపు మీద మా పిల్లల ప్రార్థనగీతం రికార్డు చేసుకోవచ్చని లెక్క వేసుకుంటూ ఉన్నాను. అప్పుడు చెవిలో అప్పన్న మాట వినబడింది.

"ఏడుత్తావేటే పోలీ? గొంతు పోతే పోనీ. నిన్ను పిలవాలంటే సప్పట్లు కొడతాను. ఇనబడితే వచ్చీ."

ఆ తర్వాత చప్పట్లు, రెండుసార్లు. కొట్టి చూపించినట్టున్నాడు. పోలమ్మ ఏడుస్తూనే నవ్వింది. వెనకాల గాలి ఉంది గానీ చాలా దూరంగా ఉంది.

అనకాపల్లిలో ఎక్కిన ఒక ముసలావిడ నా ఒళ్లో వలముద్దని చూసి, "ఏటమ్మా, అందులో ఏటున్నాది?" అంది. క్యాసెట్టు బయటికి తీసి, దానిమీద ఇంకెవరూ ఏమీ రికార్డు చెయ్యడానికి వీల్లేకుండా, వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లల్ని తలపిన్నుతో విరిచేశాను.